వినిపించని చోటు

ఉర్మియాలో మంచు పడుతున్న రాత్రి
రాగిరేకు మీద కోత పెడుతున్నాను.
పదహారున్నర మిల్లీమీటర్లు, లాడం ఆకారంలో.
గోరు మందం తప్పితే మొదటికే మోసం.

ఈ యాంటెన్నాకి అన్నీ వినాలని యావ.
మూడు గిగాహెర్ట్జ్ నుంచి పది దాటేదాకా
తలుపులు బార్లా తీసుకుని కూర్చుంటుంది.
మధ్యలో ఐదున్నర దగ్గరేమో
ఇరుగుపొరుగు వైఫైల సంసారం.
వాళ్ళ మాటల్లో ఇది దూరకూడదు,
దీని మాటల్లోకి వాళ్ళు రాకూడదు.
గోడ కట్టే చోటు లేదు.
అందుకే కోత.

మూడు పలకలు చెత్తబుట్టలో పడ్డాయి.
నాలుగోదాన్ని బిగిస్తే
తెర మీద గీత చదునుగా నడిచి నడిచి
ఐదున్నర దగ్గర దబ్బున నూతిలో పడి
అవతలి ఒడ్డున తేలింది.

టీ తెచ్చిన హేదర్ బాబాయి
చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని
చాలాసేపు చూశాడు.
"ఇది నా చెవి కదమ్మా సోల్మాజ్!"

రెండేళ్ళు ఫిరంగి పక్కన నిలబడి వచ్చాక
డాక్టరు గీసిచ్చిన కాగితంలో
అచ్చం ఇదే గుంటట.
అప్పట్నుంచీ పిచ్చుకలు లేవు ఆయనకి.
మనవరాలి పేరులో మొదటి అక్షరం లేదు.
లారీలున్నాయి, ఉరుములున్నాయి,
భార్య సణుగుడు పూర్తిగా ఉంది.

"దీనికెవరు చేశారు?"
"నేనే. బ్లేడుతో."
కోత అంచుని వేలితో తడిమాడు.
"కొలిచి చేశావు," అన్నాడు.

వరండాలో స్టవ్ మీద
కెటిల్ ఎప్పట్నుంచో కూస్తోంది.
నేనే లేచాను.