నాలుగు కాళ్ల కొలత

రైకకైతే లెక్క నాకు నోటికుంటది.
ఛాతి, నడుము, భుజం, సంక.
మేకకు సంక యాడ మొదలైతది?

టేపు మెడకేస్తే టేపునే నమిలింది.
పదమూడు నుంచి పదహారు దాకా
అంకెలు లేవు ఇప్పటికీ నా టేపుకు.

పుష్యమాసం. అమ్రాబాద్ గుట్టల మీద
మంచు కాదది, రాత్రంతా సన్నటి నీళ్లు.
పదరల పొయ్యి ముంగట కూసున్నోళ్లకు గూడ
వీపు వేరే ఊర్ల ఉన్నట్టుంటది.

కుర్మయ్య వచ్చిండు. సంకల రెండు పిల్లలు,
నిన్నటియి, బొడ్డు ఇంకా ఎండలే.
"మొన్న మూడు వోయినయి బిడ్డా.
రోగం గాదు, సలి.
తెల్లారి ముట్టుకుంటే కట్టెలెక్క ఉండె.
వీటికి అంగీలు కుట్టు."

"జేబులు పెట్టాల్నా తాతా?"
కాజాలు కుట్టే బుగ్గమ్మ అడిగింది.
అందరం నవ్వినం.
ఆయన నవ్వలే. పిల్లలు వణుకుతున్నయి,
ఆ వణుకు ఆయన మోచేతిల కనిపిస్తుంది.

మొదట ఫ్లెక్సీతోని కుట్టిన.
ఓడిపోయినాయనది, అడిగేటోడు లేడు.
ఒక మేక మీద సగం మీసం,
ఇంకో దాని మీద దండం పెట్టే చేతులు.
మంద బజార్ల నడుస్తుంటే
ఊరందరికి దండాలు.

పొద్దుగాల విప్పితే లోపలంతా చెమట.
బొచ్చు తడిసి తోలుకంటుకుంది, ఒకటే దగ్గు.
"బయటి నీళ్లను రానియ్యలే,
లోపలి నీళ్లను పోనియ్యలే"
అన్నడు కుర్మయ్య. తిట్టలే. గంతే అన్నడు.

రెండోసారి పైన గోనెసంచి,
లోపల హాస్టల్ పిల్లల పాత స్వెటర్లు.
పోతులకు పొట్ట కింద జానెడు ఖాళీ,
ఉచ్చ తగలకుండ.
గుండీలు వద్దు, తింటయి. నాడాలు పెట్టిన.
నా చేతి పనికి నేనే మురిసిన.

బొల్లిమేక వాసన చూసింది.
సబ్బు, ట్రంకుపెట్టె, కర్పూరం గోలీలు,
ఎవరో మనిషి పిల్లగాడు.
తన్నింది.
పిల్ల మళ్ల వోయింది, మళ్ల తన్నింది.
సలి ఆగింది, పాలు గూడ ఆగినయి.
వెచ్చగ ఉండి ఆకలికి ఏడ్చింది ఆ రాత్రి.

తెల్లారి కుర్మయ్య
భుజం మీది గొంగడి తీసి
నా బల్ల మీద పరిచిండు.
"కొయ్యి."

గొంగడి మీద పట్నమేసి
బీరప్పను పిలిచిన ఇండ్లు మావి.
కత్తెర పట్టుకొని అట్లనే నిలబడ్డ.
"బీరప్ప గూడ మంద కాసినోడే. కొయ్యి" అన్నడు.

ఇరవై ఏండ్ల కింద కురుమూర్తి జాతరల కొన్నదట.
కత్తెర పోదు. మొండికేసింది.
మడతల ఒక తుమ్మముల్లు,
సగం కాలిన బీడీ,
ఎన్నో వానల నీసు,
అడివిల ఈనిన పిల్లల్ని చుట్టుకొచ్చిన
ఆ పాత మాయ వాసన.
ముక్కు పట్టుకొనే కుట్టిన.
ఆరు అయినయి.

బొల్లిమేక మెడ చాపింది,
తోక కాడ చూసింది, వీపు కాడ చూసింది,
చానాసేపు చూసింది.
తర్వాత నెమరు మొదలుపెట్టింది,
కాళ్ల నడుమ పిల్ల తోక ఊపుతుంటే
తనకేం సంబంధం లేనట్టు.

"మరి నీకు?" అని అడిగిన కుర్మయ్యను.
"మంద నడుమ పంట.
నాకు కుట్టాలంటే టేపు సాలదు."

బుక్కుల రాసుకున్న:
రైకలు రెండు, లంగా ఒకటి, మేకపిల్లలు ఆరు.
బాకీ, చెంబెడు పాలు.

శివరాత్రికి సలి శివశివా అని వోయింది.
అంగీలు పొట్టిగైనయి.
విప్పి మూటగట్టి తెచ్చిండు, పై ఏడుకు దాచమని.
గడప దిగినోడు ఎనక్కి తిరిగిండు.
"ఉతికేవు. ఉతకకు."

మూట మిషన్ కిందనే ఉంది.
నిన్న పెండ్లి రైకకు వచ్చిన పిల్ల
ముక్కు మూసుకుంది, ఏంది అక్కా ఈ వాసన అని.
చేతులెత్తు అన్న.
పొడుగు పద్నాలుగో పదిహేనో,
టేపు చెప్పలే,
బెత్తెలతోని కొలుసుకున్న.