మిగిలిన వాషరు

కొర్లగుంట మిద్దెకింద, మంచం ఎత్తేసిన చోట
ఫియట్ ఇంజిను విప్పినాను.
ఇడ్లీ రేకు గుంతల్లో వాల్వులు, వరస తప్పకుండా.
"రేపు టిఫినుకు ఇనుమేనా?" అనింది హంసవేణి.

కిరసనాయిల్లో నానిన పిస్టన్ నెత్తి గీకితే
ఘాటురోడ్డు మసి కింద
ఉలితో కొట్టిన అంకె: మూడు.
నాకంటే ముందే ఎవరో
ఇట్నే గొంతుక్కూర్చోని
మర్చిపోతానని భయపడినాడు.

రింగులు మార్చి, గాస్కెట్టు పరిచి,
కప్పీ గొలుసుతో బండిలోకి దించినాక
అరచేతిలో ఒక వాషరు మిగిలింది.
యాడిదో తెలీదు.

హ్యాండిల్ తిప్పితే నాలుగోసారికి
దగ్గింది, తుమ్మింది, అందుకునింది.
పొగలోంచి పక్కింటి మొగిలప్ప ఏందో అరస్తా ఉన్నాడు,
వినబళ్ళేదు.
మడ్‌గార్డు మీద పెట్టిన వాషరు
ఆ అదురుకి
మెల్లిగా అంచుకు నడస్తా ఉంది.