అంపోలు మలుపుకి ముందు

బ్రేకు పట్టలేదన్నా, అంది నూకరత్నం.
షెడ్డు ముందు బండి ఒక పక్కకి ఒరిగి ఉంది,
ఎడమ మడ్‌గార్డు అప్పడంలా నలిగి,
ఐసు పెట్టె మూత వలతాడుతో కట్టి.
కవళ్లు, కానాగంతలు
అంపోలు మలుపులో వరిమడి పాలయ్యాయట.
కొంగలకి ఆ పొద్దు పెళ్లి భోజనం.

వెల్లకిలా పడుకుని కింద చూశాను.
తీగ తెగలేదు. డ్రమ్ముల్లో నూనె దిగలేదు.
ముందు టైరు మీద మాత్రం ఒకేచోట
రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ.
పట్టింది రత్నం, బాగానే పట్టింది.
పట్టడమే తప్పయింది.

"పట్టకపోతే తప్పు, పట్టినా తప్పేనా?
ఏటి బండి కట్టినావు కూర్మన్నా?"

కట్టింది నేనే.
పాత మోటార్‌సైకిల్ ముందు సగం,
పాడైన ఆటో వెనక ఇరుసు,
మధ్యలో నా వెల్డింగు, నా ధైర్యం.
ముప్పై ఏళ్లు రెండు చక్రాల మీద బతికినవాణ్ణి,
మూడోది తగిలిస్తే ఇక పడదనుకున్నాను.
మూడు రాళ్ల పొయ్యి ఊగదు కదా అనుకున్నాను.
పొయ్యి పరుగెత్తదన్న సంగతి
తట్టలేదు.

ఆదివారం రైసుమిల్లు వెనక
వడ్లు ఆరబోసే గచ్చు మీద ముగ్గుపిండి చల్లాను.
పెట్టెలో ఐదు ఇసక బస్తాలు.
తోలు, ఇటుక దగ్గర పట్టు, అన్నాను.
ఖాళీ బండి నా అంగల్తో తొమ్మిదికి ఆగింది,
బరువుతో పదహారు.
ముగ్గులో ముందు చక్రం గీత ముదురుగా ఉంది,
కుడిది ఉందా అంటే ఉంది,
ఎడమది లేనే లేదు.
ఒక్క కొసే లాగిన అలివి వలలా
బండి కుడికి మూతి తిప్పుకుంది.

నట్టు అరమర బిగించాను. మళ్లీ తోలింది.
పావుమర. మళ్లీ.
మిల్లు కాపలా గుంటడు ఇంకో డబ్బా ముగ్గు తెచ్చాడు.
పొద్దువాలేసరికి వెనక రెండు గీతలూ
కవల పిల్లల్లా పక్కపక్కన నడిచాయి.

అప్పుడు మలుపు.
ఇటుకలు వంపుగా పేర్చి,
నడుమ నొక్కు, నెమ్మదిగా, అన్నాను.
కుడి వెనక చక్రం లేచింది.
బెత్తెడే.
ఆ బెత్తెడు సందులోంచి
అవతలి గోడ కనపడింది నాకు.
బరువంతా ఎడమ ముందు మూలకి పరిగెత్తింది,
ఆ మూల చక్రం లేదు,
ఉన్నదల్లా గాలి.

మోటార్‌సైకిల్ అయితే
మలుపుకి మర్యాద చేసినట్టు భుజం వాల్చి పోతుంది.
ఇది ఒంగదు.
ఒంగనిదానికి తోవ ఒకటే,
మలుపు రాకముందే నెమ్మదించడం,
మలుపులో దిగాక
బ్రేకు మీంచి చెయ్యి తీసేయడం.
చెప్పడం తేలికే. భయపడ్డ చెయ్యి
ముందు పట్టుకునేది దాన్నే.

రత్నం బండి దిగలేదు.
"అది ఒంగకపోతే నాను ఒంగుతాను," అని
సీటు మీద కుడికి జరిగి,
తుంటి గాల్లో పెట్టి,
అదే వేగంలో మళ్లీ తిప్పింది.
చక్రం లేవలేదు.
"మా అయ్య తెప్ప మీద
గాలి ఎటుంటే అటు ఎదురు కూచునేవోడు.
ఇదీ తెప్పే కదేటి."

నేను చెప్పని పాఠం అది.
నాకు రానిది.
ముగ్గు డబ్బా పట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఇరుసు జానెడు వెడల్పు చేశాను,
పెట్టె బెత్తెడు దించాను.
కూలి సగం డబ్బులిచ్చింది,
సగం కానాగంతలు.

ఇప్పుడు తెల్లారగట్ల
నులకమంచం మీంచే వింటాను.
కాలవ కల్వర్టు దాటుతుంది,
ఇంజను గొంతు తగ్గుతుంది.
ఊపిరి బిగబట్టి మూడు లెక్కపెడతాను.
నాలుగుకి గొంతు మళ్లీ లేస్తుంది,
శ్రీకాకుళం వైపు పోతుంది.

వానలు ఇంకా పడలేదు.
తడిసిన డ్రమ్ములు ఏమంటాయో తెలీదు.
ఎడమ చక్రం కిర్రుమంటోంది,
ఇక్కడికి వినపడుతోంది.
సోమవారం తెమ్మన్నాను.
తేలేదు.