కాటా గదిలో కొత్త మెషీను

పాత విండోసు నీలం తిరిగి చచ్చిపోయాక
ఓనరు కామేశం గారు పైసా తియ్యలేదు.
"ఊరికే వచ్చేదేదో ఎక్కించీ" అన్నారు.
ఎక్కించాను. లినక్సు.
గుప్పిట్లో దాచుకున్న జీడిపప్పంత పెన్‌డ్రైవులో వచ్చింది.

కాశీబుగ్గ రోడ్డు మీద రాత్రి తొమ్మిది దాటింది.
పిక్కల లారీ ఒకటి కాటా ఎక్కి ఇంజను ఆపింది.
గోడ మీద ఎర్రంకెల డబ్బా
పద్నాలుగు వేల ఆరువందల ఇరవై అంటోంది.
కంప్యూటరు తెర సున్నా అంటోంది.
రెంటికీ నడుమ ఉన్నది బారెడు కేబులు.

లోకనాథం ఫోన్లో ఉన్నాడు,
పర్లాకిమిడిలో పెళ్లి బంతి మీద,
ఒక చేత్తో పప్పు కలుపుకుంటూ.
"నల్ల కిటికీ తెరు. నాను సెప్పిందే కొట్టు.
అచ్చరం తప్పితే ఊరు తప్పినట్టే."

పాస్‌వర్డు అడిగింది.
కొడుతుంటే ఏమీ పడదు. చుక్క లేదు, నక్షత్రం లేదు.
కీబోర్డు పోయిందనుకుని
మూడుసార్లు మొదటికొచ్చాను.
"పడతాదే గుంటా, నీకు సూపించదు, అంతే."

ప్యాకేజీ దొరకలేదంది.
చూస్తే నేనే ఒక అక్షరం మింగాను.
దొరికాక, అనుమతి లేదంది.
ఆ పోర్టును ముట్టుకునే గుంపులో
నా పేరు లేదట.
నాలుగేళ్లుగా ఈ కుర్చీలో కూర్చున్నదాన్ని!

గుంపులో చేర్చాను. అయినా అదే మాట.
"బయటికెల్లి మల్లీ లోపలికి రా" అన్నాడు.
లేచి, గడప దాటి, చెప్పులేసుకుని,
లారీ వెనక చక్రం దాకా వెళ్లి వచ్చాను.
"ఎల్లొచ్చాను" అంటే
ఫోనులో బంతి బంతంతా నవ్వింది.
"నువ్వు కాదే తల్లీ, లాగవుటు!"

ఇప్పుడు కేబులు పెడితే
పేరు పలుకుతుంది,
రెప్ప వేసేలోగా మాయమవుతుంది.
పెడితే వస్తుంది. పోతుంది.
"సిట్టా సదువు" అన్నాడు. చదివాను.
మన కంటే ముందు ఇంకెవరో
ఆ తీగ కొస పట్టుకుంటున్నారు.

లోకనాథం తినడం ఆపాడు.
"అదా... అది సూపు లేనోల్ల కోసం పెట్టిన ప్రోగ్రాం.
ఏల్లతో సదివే సుక్కల పలకుంటాది కదా.
మన కేబులు సిప్పూ, ఆ పలక సిప్పూ ఒకటే నంబరు.
పలకే వచ్చిందనుకుని పట్టీసుకుంటంది. తీసీ."

తీసేసే మాట కొట్టాను. అవునా కాదా అని అడిగింది.

ఎక్కించిన రోజు నుంచీ
ఎవరూ అడక్కుండానే
ఇది గుమ్మంలో కూర్చునుందన్నమాట,
ఎవరో వచ్చి వేళ్లు ఆనిస్తారని.

పోయిన నెల రేషన్ షాపులో
మా అసిరమ్మ పిన్ని పదకొండుసార్లు బొటనవేలు పెట్టింది.
షెడ్డులో పిక్కలు కొట్టి కొట్టి
జీడి నూనె తినేసిన వేళ్లు, గీతల్లేవు.
బూడిద రాసి పెట్టింది, చీరకి తుడిచి పెట్టింది.
నువ్వు నువ్వు కాదంది మిషను.
సంచి మడత విప్పకుండానే తిరిగొచ్చింది.

డ్రైవరు హారన్ కొట్టాడు.
"బేగి కానియ్యమ్మా, సోంపేటలో ఇంకో లోడుంది."

క్యాలెండరు వెనక ఆ ప్రోగ్రాం పేరు రాసుకున్నాను,
ఎవరైనా వస్తే మళ్లీ పెట్టాలని.
అప్పుడు అవును అని కొట్టాను.

కేబులు పీకి పెట్టాను.
14620.
తెర మీదా, గోడ మీదా.

ప్రింటరు కీచుమని చీటీ కక్కింది.
అంకెలు సరే, పార్టీ పేరు తెలుగులో రావలసిన చోట
వరసగా ప్రశ్నార్థకాలు.
అది రేపటి తద్దినం.
పెన్నుతో పేరు దిద్ది ఇచ్చాను.

లారీ దిగాక కాటా నెమ్మదిగా సున్నాకొచ్చింది.
మిగిలిన కాపీ వెనక్కి తిప్పి
కళ్లు మూసుకుని వేలు ఆనించాను.
సూదులు పొడిచిన గరుకు తగిలింది.
ఒక్క అంకె కూడా చదవలేకపోయాను.