కొసరు మేఘం

బిష్కెక్ ఊరి చివర, దోర్దోయ్ బజారు.
కంటైనర్ మీద కంటైనర్,
కిందిది కొట్టు, పైది గిడ్డంగి.
నాది ఏడో వరస. మేజోళ్ళు, చేతితొడుగులు,
పిల్లలకి చెవులున్న టోపీలు.
ఇనప గోడకి తడిచెయ్యి ఆనిస్తే
తోలు అక్కడే ఉండిపోయే చలి.

కొసరు వెయ్యందే ఇక్కడ బేరం తెగదు.
డజను జతలకి పైన ఒక జత.
మేఘాన్ని అద్దెకిచ్చేవాళ్ళూ అంతేనని
సంసాలమ్మే తిలెక్ చెప్పాడు:
"ఏడాది కొసరు, బురుల్ అక్కా.
ఆ తర్వాతే తూకం."

నాకు నలభై ఒకటి.
ఒకప్పుడు బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేదాన్ని.
ఫ్యాక్టరీ పోయింది, లెక్క పోలేదు.
ల్యాప్‌టాప్ ఐదువేల సోమ్‌లు, మూడోచేతిది.
'ఈ' అక్షరం మీట ఊడిపోయింది,
కింది రబ్బరు బొడిపెని గోటితో నొక్కుతాను.
సెలెక్ట్ అన్న మాటలో
ఆ అక్షరం రెండుసార్లు వస్తుందని
నా గోటికి ముందు తెలిసింది.

పాఠాలు పక్కకొట్టు వైఫైలో దింపుకుని
మర్ష్రుత్కాలో నిలబడి వింటాను.
చెప్పేవాడు రష్యన్‌లో మొదలెట్టి
కష్టమైన చోటల్లా ఇంగ్లీషులోకి జారుకుంటాడు.
"కంటైనర్ అంటే,
ఎక్కడికి మోసుకెళ్ళినా
లోపలిది మారని పెట్టె" అన్నాడొకరోజు.
బస్సు మొత్తం తిరిగి చూసేలా నవ్వాను.
నాయనా, పద్నాలుగేళ్ళుగా
అందులోనే నించుని ఉన్నాను.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం
యంత్రం ఆపడం మరిచి ఇంటికెళ్ళాను.
ఎక్కడో, ఏ దేశంలోనో, నా పేరు మీద
మూడు రాత్రులు అది
ఏ పనీ లేకుండా వేడెక్కుతూ కూచుంది.
సోమవారం బజారుకి సెలవు.
బిల్లుకి లేదు.
ముప్ఫై ఎనిమిది డాలర్లు.
ఎన్ని మేజోళ్ళో లెక్కపెట్టడం మొదలెట్టి
మధ్యలో మానేశాను.
బతిమాలి రాస్తే సగం మాఫీ చేశారు.
మిగతా సగానికి
ఈ ఏడు కూడా పాత బూట్లే.

అప్పట్నించి తప్పులన్నీ నేలమీదే,
నా ల్యాప్‌టాప్‌లోనే చేస్తాను.
పైకి పావుగంట. అంతే.
ఆపేశానా అని మళ్ళీ చూస్తాను,
గ్యాసు కట్టేశానా అని వెనక్కొచ్చి చూసినట్టు.

అభ్యాసానికి ఎవరో టాక్సీల లెక్కలిచ్చారు.
నేను చూడని ఊరు, ఎక్కని టాక్సీ.
పక్క కంటైనర్ ఊల్కాన్ అక్క పద్దు పుస్తకాలు అడిగాను.
పదకొండేళ్ళవి. గళ్ళ కాగితం, టీ మరకలు,
ధర పెన్సిలుతో, బాకీ ఎర్రసిరాతో.
రాత్రిళ్ళు ఎక్కించాను,
నాలుగువేల ఆరొందల వరసలు.
ప్రోగ్రాం మధ్యలో మొరాయించింది.
మూడొందల పన్నెండు చోట్ల ధర గడి ఖాళీ.

ఖాళీ ఉంటే సున్న పెట్టు,
లేదా వరసే తీసెయ్యి, అని పాఠం.
ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది.
"ఇది మంచు తుఫాను రోజు.
బండి తోసే కుర్రాడు
కాళ్ళకి పాలిథిన్ సంచులు కట్టుకొచ్చాడు.
ఇది నారిన్ నుంచి వచ్చినామె, కవలలు.
ఇది... ఎవరో. అడగలేదు."

"ఊరికే ఇచ్చావన్నమాట. సున్న వేసెయ్యనా?"

"ఊరికే ఎందుకిస్తాను?" కోపమొచ్చింది ఆమెకి.
"సున్న అంటే ధర లేదని.
ధర ఉంది.
రాయలేదంతే."

తీసెయ్యలేదు. సున్నా వెయ్యలేదు.
ఇంకో నిలువు గడి చేర్చాను.
పేరు పెట్టందే యంత్రం ఊరుకోదు,
ఊల్కాన్ అని పెట్టాను.
పైకి పంపాను. పదకొండు నిమిషాలు. నాలుగు సెంట్లు.
ఆపాను.
ఆపానా అని చూశాను.

రెండు చోట్ల ఉద్యోగానికి రాశాను.
ఒకరు జవాబివ్వలేదు.
ఇంకొకరు, ఆ పేరున్న గడి ఏమిటని అడిగారు.
చెప్పడానికి ఇంకా కూర్చోలేదు.
చెవుల టోపీలు కొత్త మూట దిగింది,
ముందు అవి సర్దాలి.