ముచ్చికలు

శనివారం పదకొండింటికి
మా అమ్మ ఎతేరి పిండిముద్దని బల్ల మీద కొడుతుంది.
దుషేతిలో మా మెట్లవాటాకి అదే గంట.
ఆ చప్పుడికి పై కిటికీ తెరుచుకుంటుంది.
"ఉల్లిపాయలు నే తేనా?" అంటుంది నానులీ.
తెస్తుందని అందరికీ తెలుసు,
అయినా అడగాలి, అయినా మేం వద్దనాలి.

మాంసం కత్తితో కొట్టేది నేను.
యంత్రంలో వేస్తే అరగంట మిగులుతుంది గానీ
ఆ అరగంటని ఏం చేసుకోవాలో
మా ఇంట్లో ఎవరికీ తెలీదు.
జీలకర్ర, ఎండుమిర్చి, చన్నీళ్ళు.
నీళ్ళు ఎన్నమ్మా అంటే
"గరిట అడిగినన్ని."

పిండిని పలచగా వత్తి, మధ్యన మాంసం పెట్టి
చుట్టూ కుచ్చిళ్ళు పోసి, పైన ముడి తిప్పితే
ఖింకాలి.
కుచ్చిళ్ళు పంతొమ్మిది ఉండాలని అమ్మ పంతం.
పదహారుకే నా వేళ్ళకి విసుగు.
మా తమ్ముడి కూతురు తామ్రికో, ఏడేళ్ళది,
పదకొండు దగ్గర ఆపేసి
"ఇది తల దువ్వుకోని ఖింకాలి" అని పక్కన పెడుతుంది.
దాన్ని ఎవరు తినాలో కూడా తనే చెబుతుంది.

రెండింటికల్లా గది నిండుతుంది.
ఆవిరికి కిటికీ అద్దాలు చెమరుస్తాయి,
రేజో బాబాయి కళ్ళజోడు కూడా.
తుడుచుకోడు. వాసనతోనే దారి పట్టి బల్ల చేరతాడు.

తినడానికి పద్ధతుంది.
ముచ్చిక పట్టుకుని తలకిందులు చేసి
ఓరగా కొరికి, ముందు రసం జుర్రుకోవాలి.
చుక్క కింద పడిందా, ఓడినట్టే.
ముచ్చిక మాత్రం తినకూడదు.
పళ్ళెం అంచున వరసగా పేర్చాలి.
ఎవరెన్ని తిన్నారో అవే సాక్ష్యం.

గోచా ఉన్నన్నాళ్ళూ ఆ సాక్ష్యం చెల్లలేదు.
అందర్నీ మాటల్లో పెట్టి, ఉప్పు అందుకునే వంకతో
వాడి ముచ్చికలన్నీ అమ్మ పళ్ళెంలోకి తోసేవాడు.
లెక్క చూసేసరికి వాడివి ఐదు, అమ్మవి ఇరవై రెండు.
"ఒరే, నేను గేదెననుకున్నావట్రా?"
తువ్వాలు విసిరేది అమ్మ.
వాడు తప్పుకునేవాడు కాదు.
నిలబడి తగిలించుకునేవాడు.

మూడేళ్ళయింది.
ఇప్పుడు వాడి గొంతు గుర్తు రావాలంటే
నేను ముందు వాడి దగ్గుని తలుచుకోవాలి.
దాని వెనకాల వస్తుంది గొంతు, ఒక్కోసారి.

మూడో గ్లాసు పోయినవాళ్ళది.
బాద్రి లేచి నిలబడతాడు.
మామూలుగా ఆపితే ఆగే మనిషి కాదు,
ఆ గ్లాసు దగ్గర మాత్రం
"ఉన్నారు" అని ఒక్క మాట అని కూర్చుంటాడు.
రొట్టెముక్క మీద రెండు చుక్కల వైన్ వంపుతాం.
రొట్టె దాన్ని పీల్చుకుంటుంటే
పెద్దవాళ్ళం ఎవరం చూడం.
తామ్రికో చూస్తుంది.

మొన్నటి శనివారం
నానులీ వాళ్ళ మరిది ఒకే మేకని
ఇద్దరికి అమ్మిన కథ చెబుతోంది.
బాద్రికి నవ్వలేక పొలమారింది.
అమ్మ తిన్నవి నాలుగు.
ఆమె సరిగా తినడం మానేసిన దగ్గర్నుంచి
లెక్కపెట్టడం నాకు జబ్బైంది.

ఉప్పు కోసం చాచిన అమ్మ చెయ్యి
నా పళ్ళెం దగ్గర కాస్త ఆగింది.
నావి రెండు పోయాయి.
బాబాయివి మూడు. ఆయనకి ఎలాగూ కనపడవు.
తామ్రికోది ఒకటి,
దువ్వుకోనిది.

నేను కిటికీ వైపు తిరిగాను.
కిటికీలో ఏమీ లేదు, ఆవిరి.

కథ అయ్యాక అమ్మ అరిచింది:
"ఎవర్రా ఇది? నాకు పది ఎక్కణ్ణించి వచ్చాయి?
నేను గేదెననుకున్నారా?"

అందరం అన్ని ఒట్లూ వేశాం.
ఏ తప్పూ చెయ్యని తామ్రికో
బల్ల కింద దూరి కిలకిలమంది.
అమ్మ తువ్వాలు ఉండ చుట్టి
ఎవరి మీద విసరాలా అని చూస్తోంది.

నేను లేచి
ఆమెకి అందేంత దగ్గరగా నిలబడ్డాను.