ఎనిమిదో నిమిషం

ముహర్రఖ్‌ల మా రూముకు ఏడుగురం, ఒకటే వాషింగ్ మిషిను.
పాత సామాన్ల దుకాణంల పద్దెనిమిది దినార్లు పెట్టి తెచ్చింది.
ఎవరి పిల్లలు అంటించిండ్రో, మూత మీద పిల్లి బొమ్మ ఇంకా పోలే.

డిసెంబర్ల మొదటి శుక్రవారం
ఓదెలు బట్టలేసిండు.
ఎనిమిదో నిమిషంల టప్పున మెయిన్ పడ్డది.
లైట్లు పోయినయి, ఫ్రిజ్ గురక ఆగింది,
లింబాద్రి ఫోన్ల పెండ్లాం మొఖం సగంల నిలబడ్డది.

నర్సింలు ఏసిండు, ఏం గాలే.
రాజ్‌మహ్మద్ దుప్పట్లు గూడ ఏసిండు, ఏం గాలే.
మళ్ల ఓదెలు. టప్.

"నీ చెయ్యే అసొంటిది భై"
నవ్వుకుంటనే అన్నడు లింబాద్రి.
అందరం నవ్వినం.
నవ్వుకుంట అన్న మాట సబ్బుకు గూడ పోదు.

హోటల్ల ఏసీలు ఇప్పే నాకు
ఈ నాలుగు స్క్రూలు ఇప్పబుద్ధి గాలే, నెల దాక.
ఒకనాడు రాత్రి మూడింటికి డ్యూటీ దిగి వస్తే
బాత్రూంల బకెట్ ముందు గొంతుకూసోని ఓదెలు,
పొయ్యి మీద కాగబెట్టిన నీళ్లల్ల
చాపల మార్కెట్ అంగీ పిసుకుతున్నడు.
సప్పుడు గావొద్దని నల్లా సన్నగ ఇడిసిండు.
నన్ను జూసి
తప్పు జేసినోని తీర్గ లేచి నిలబడ్డడు.

తెల్లారి ప్లగ్గు పీకిన.
వెనక రేకు ఇప్పిన.
"ఏ బటన్ నొక్కుతవు నువ్వు?" అని అడిగిన.
"నలభై. చల్లనీళ్లకు చాప వాసన పోదన్నా."
మిగతా ఆరుగురం ఎప్పుడు నొక్కినా చల్లనీళ్లే,
పావుగంటల అయిపోయేది.

అయితే హీటర్.
రెండు కాళ్ల నడుమ మీటర్ పెడితే ఇరవై ఎనిమిది ఓములు:
కాయిల్ తెగలే, మంచిగనే ఉన్నది.
ఒక కాలు మీద, ఇంకోటి డొక్కు ఇనుము మీద పెట్టిన.
ముల్లు కదలొద్దు. కదిలింది.
ఉప్పు తెల్లగ పేరుకపోయి, దాని కింద
వెంట్రుకంత పగులు.
మెయిన్ పక్కనున్న ఆ చిన్న డబ్బా
పోయిన కరెంటును, తిరిగొచ్చిన కరెంటును లెక్కపెడుతది;
పోయినంత తిరిగి రాకపోతే ఇల్లంత చీకటి జేస్తది.
దానికి ఓదెలు ఎవరో తెల్వది.

"మరి ఎండాకాలం ఎందుకు పడలే?" నర్సింలు పట్టు ఇడువలే.
ఎండాకాలం మిద్దె మీది ట్యాంకుల నీళ్లే
నలభై దాటి వస్తయి గదరా,
హీటర్ నిద్రల ఉండె. చలి వచ్చి లేపింది.

కొత్తది నాలుగున్నర దినార్లు.
ఎవలూ అడగకముందే లింబాద్రి రెండు తీసి
మంచం మీద పెట్టిండు, మారు మాట లేదు.

శుక్రవారం. నలభై.
ఓదెలు బటన్ నొక్కి రెండడుగులు వెనకకు జరిగిండు.
ఆరో నిమిషం. ఏడు.
వంకాయలు కోసేటోడు కత్తి ఆపిండు.
ఎనిమిది.
ఫ్రిజ్ గురక పెడుతనే ఉన్నది.
పదో నిమిషంల అద్దం లోపల మసక పట్టింది, ఆవిరి.

నేను వైర్లు చుట్టుకుంటున్న.
దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు:
"అన్నా, మా అన్న పొలంల బోరు ఏసిన నాడు
కొబ్బరికాయ నేనే కొట్టిన. మూడువందల ఫీట్లు, దుబ్బే లేచింది.
అది గూడ... గిట్లనే, లోపల ఏదన్న ఉండొచ్చునా?"

మీటర్ రెండు వైర్లు, ఎర్రది నల్లది,
నా చేతిలనే ఉన్నయి.
ఒక స్క్రూ కింద పడ్డది.
ఇద్దరం మోకాళ్ల మీద కూసోని
దాన్ని శానాసేపు దేవులాడినం.